రెండో గేరు సాక్ష్యం

సంజీవరావు మాస్టారు అబద్ధమాడడని వేములపాడులో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ నిజాయితీతో ఊరు కొంచెం ఇబ్బంది కూడా పడింది. కోతకాలపు పండక్కి చర్చిలో కానుకలు వేలం వేసేటప్పుడు, తన పెరట్లో కాసిన గుమ్మడికాయని తనే పైకెత్తి, "అడుగున పుచ్చుంది, చూసి పాడుకోండి" అన్న మనిషాయన. ఇంక దాన్నెవరు పాడతారు? చివరికి పాస్టరుగారే మొహమాటానికి ఆ కాయని ఇంటికి తీసుకెళ్లి, పుచ్చు తీసేసి పులుసు పెట్టించుకున్నారు.

అలాంటి మనిషి ముప్ఫయ్యెనిమిదేళ్ల కాపురం తర్వాత, రెండువేల ఆరో సంవత్సరం ఏప్రిల్ నెలలో ఒక శుక్రవారం పొద్దున, తన వాకిట్లో నిలబడి అబద్ధమాడటం ఎలీసమ్మ చెవులారా విన్నది.

"గేరుబాక్సు సంగతేంటి మాస్టారూ? ఉన్నదున్నట్టు చెప్పండి," అనడిగాడు జీపు కొనడానికి వచ్చిన లక్ష్మీకాంత్.

"గేరుబాక్సుకేం, బంగారం," అన్నాడు ఆమె భర్త.

టీ కప్పుల పళ్లెం పట్టుకుని గడప దాటబోతున్న ఎలీసమ్మ అక్కడే ఆగిపోయింది. కప్పులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. ఆ గేరుబాక్సు బంగారం ఎలా అవుతుంది? దాన్ని తొమ్మిదేళ్లుగా అరచేత్తో పట్టుకుని నడిపిస్తున్నది తనే కదా!

ఆ జీపు కథ చెప్పాలి. మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరైన సంవత్సరం పాస్టరుగారి కింద నాలుగు ఊళ్ల చర్చి సంఘాలుండేవి, ఆయనకున్నది ఒక్క సైకిలు. చుట్టూ నల్లరేగడి. వాన పడితే ఆ నేల మనిషి కాలి చెప్పు లాక్కుంటుంది, సైకిలు లాక్కుంటుంది, ఒక్కోసారి మనిషిని కూడా ఉంచేసుకుందామని చూస్తుంది. సంఘ పెద్దగా సంజీవరావు ఆలోచించి, ఒంగోలులో ఎవరో అమ్ముతుంటే ఒక పాత పొట్టి జీపు కొన్నాడు. నాలుగు చక్రాలకీ బలం అందే బండి. బురదలో దున్నపోతులాగా పోతుంది. కొన్న వారానికే దాని గుణం బయటపడింది. వెనక పాటల బృందం, హార్మోనియం, డోలు, అందరూ ఎక్కి సాగర్ కాలవ కట్ట ఎక్కుతుంటే సగంలో రెండో గేరు టక్కున ఊడి న్యూట్రల్లో పడింది. జీపు వెనక్కి జారింది. హార్మోనియం కుయ్యోమంది. ముందు సీట్లో ఉన్న ఎలీసమ్మ ఏం తోచక గేరు కర్రని రెండు చేతులా పట్టుకుని నొక్కింది. గేరు నిలబడింది. జీపు కట్ట ఎక్కింది.

అప్పటినుంచీ అదే పద్ధతి. రెండో గేరు వేయగానే ఆయన "రెండు" అంటాడు. ఆమె చెయ్యి వెళ్లి గేరు కర్ర మీద కూర్చుంటుంది. మూడో గేరు మార్చాల్సి వచ్చినప్పుడు ఆయన చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడుతుంది, "వదులు" అంటాడు, ఆమె తీసేస్తుంది. పెళ్లినాడు పాస్టరుగారు కుడిచేతులు కలిపించి ప్రమాణం చేయించారే, నలుగురిలో వాళ్లిద్దరూ చేతులు పట్టుకున్నది అదొక్కసారే. తర్వాత మళ్లీ ఈ జీపులోనే. అదీ గేరు కోసం.

దానికి ఎలీసమ్మ చెల్లించుకున్నది తక్కువేం కాదు. జ్వరమొచ్చినా బండెక్కేది. ఒంగోలులో చెల్లెలి కూతురు మహిమ నిశ్చితార్థం నాడు ఇక్కడ కాలవ అవతలి ఊళ్లో ఒకరు పోయి భూస్థాపన వచ్చింది. "నేను లేకపోతే బండి కట్టెక్కదు" అని నిశ్చితార్థం మానుకుంది. చెల్లెలు ఏడాదిపాటు మూతి ముడుచుకుని కూర్చుంది.

ఒకే ఒక్కసారి ఆమె చెయ్యి తప్పింది. నాలుగేళ్ల కిందట చిలకలూరిపేట నుంచి వస్తూ కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచేసరికి జీపు కట్ట మీదికి ఎక్కేసి ఉంది. గేరు రెండులోనే ఉంది. తన చెయ్యేమో ఒళ్లో ఉంది! మంగళవారం స్త్రీల ప్రార్థన కూడికలో లేచి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పింది. "నా చెయ్యి జారింది గానీ నా దేవుడి చెయ్యి జారలేదమ్మా! నేను నిద్రపోతుంటే ఆయనే గేరు పట్టుకున్నాడు!" అంది. చప్పట్లతో చర్చి దద్దరిల్లింది. ఆదివారం పాస్టరుగారు మళ్లీ చెప్పించారు. అప్పుడు పెద్దల బల్ల మీద కూర్చున్న సంజీవరావు తలవంచుకుని, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. మా ఆయన గుండె కరిగిందని ఎలీసమ్మ మురిసిపోయింది.

ఇప్పుడు ఆ జీపుని అమ్మక తప్పడం లేదు. ఆయన ఎడమకంటి చూపు పక్కలనుంచి మాసిపోతోంది. ఈ వేసవి దాటాక స్టీరింగు పట్టుకోవద్దని గుంటూరు కంటి డాక్టరు గట్టిగా చెప్పాడు. సరే, అమ్ముదాం. కానీ అబద్ధం చెప్పి అమ్మడమేంటి?

పైగా కొనడానికి వచ్చింది ఎవరు? లక్ష్మీకాంత్ కాలవ అవతలి పల్లెలో మిరప, పత్తి వేసే కుర్రవాడు. పోయిన ఏడు ఒక పాత వ్యాను కొంటే నెల తిరక్కుండానే దాని గేరుబాక్సు మూలపడింది. ఒకసారి మూతి కాలినవాడు మజ్జిగని కూడా ఊదుకుని తాగుతాడు కదా, అందుకే ఈసారి గుంటూరు నుంచి మెకానిక్కుని వెంటబెట్టుకుని వచ్చాడు. భార్య తేజశ్రీని కూడా తీసుకొచ్చాడు. ఆ అమ్మాయికి ఐదో నెల నిండింది.

"మొదటి కాన్పప్పుడు వానల్లో ఆటో రాలేదాంటీ," అంది తేజశ్రీ టీ తాగుతూ. "ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి పడుకోబెట్టి తీసుకెళ్లారు. దారిలోనే అయిపోతుందేమోనని మా అత్తయ్య ఒకటే ఏడుపు. ఇది కూడా ఆగస్టులోనే. అందుకే నేను ఎక్కి చూస్తేగానీ ఏ బండీ కొనొద్దన్నాను."

ఎలీసమ్మ ఆ పిల్ల పొట్ట వంక చూసింది, జీపు వంక చూసింది. తర్వాత భర్త వంక చూసింది.

సంజీవరావు వాలకం కూడా ఏం బాగాలేదు. మెకానిక్కు బండి దిగినప్పటినుంచీ గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తడుముకుంటున్నాడు. ఆ మెకానిక్కు పేరు రంజాన్. గుంటూరు ఆటోనగర్లో గేర్ల రంజాన్ అంటే తెలియని డ్రైవరు లేడట. నలభై ఐదేళ్లుంటాయి, గెడ్డం అప్పుడే నెరుస్తోంది. దిగీదిగగానే జీపు చుట్టూ ఒకసారి తిరిగి, మాస్టారి మొహంలోకి చూసి చిన్నగా నవ్వాడు. మాస్టారు గబుక్కున మొహం తిప్పుకున్నాడు.

రంజాన్ కిందికి దూరి గేరుబాక్సు బిరడా విప్పి, వేలికి నూనె అంటించుకుని, రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో పెట్టి చూశాడు. యార్డులో మిర్చి కొనేవాడు బస్తా పైన కాయల్ని నమ్మక మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగు కాయ తీస్తాడే, అంత శ్రద్ధగా చూశాడు.

"పళ్లు అరిగితే నూనెలో ఇనప రజను మెరుస్తుంది. ఇందులో ఏం లేదు," అన్నాడు లక్ష్మీకాంత్‌తో. "అయినా సరే, ఎక్కి చూడందే నేను మాట చెప్పను."

ఎలీసమ్మ భర్తని వంటింట్లోకి పిలిచింది.

"ఏవండీ, ఏంటిది? రెండో గేరు సంగతి చెప్పరా?"

"దానికేం ఎలీసా, బాగానే ఉంది," అని నీళ్లు నమిలాడు.

"బాగుందా! మరి నేను పట్టుకుంటున్నదెందుకు, గాజులు చూపించుకోడానికా?"

"అది కాదే... తర్వాత చెప్తా. వాళ్లు ఎదురు చూస్తున్నారు." అంటూనే చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చూపు పోతుంటే మనిషికి భయం వేస్తుంది, నిజమే. వైద్యానికి, ముందుముందు బతుక్కి నాలుగు డబ్బులు ఉండాలనుకుని ఉంటాడు. కానీ పుచ్చిన కాయని పుచ్చిందనే చెప్పిన మనిషిని చూసుకునే కదా ఆమె ఇన్నేళ్లూ తలెత్తుకుని తిరిగింది. ఆ మనిషే పోతే ఇంక తనకి మిగిలేదేంటి?

ఆనవాయితీగా ముందు ఓనరు నడిపి చూపించాలి. సంజీవరావు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎలీసమ్మ తేజశ్రీ చెయ్యి పట్టుకుని, "నువ్వు ముందు కూర్చో తల్లీ, వెనక కుదుపు," అంది.

"వద్దొద్దు," అన్నాడు సంజీవరావు కంగారుగా. "ఎలీసమ్మ ముందే కూర్చుంటుంది. అదే అలవాటు. ఆ అమ్మాయికి వెనక దిండు వెయ్యి."

ఎలీసమ్మకి సంగతి అర్థమైపోయింది. చూశావా, తనని పక్కన కూర్చోబెట్టుకుని, గేరు పట్టించి, గండం గట్టెక్కాలని చూస్తున్నాడు. ఈ పాపంలో తనకీ సగం పాలన్నమాట. తప్పదని ఎక్కింది. వెనక బల్ల మీద లక్ష్మీకాంత్, దిండుకి ఆనుకుని తేజశ్రీ, చివర రంజాన్ సర్దుకున్నారు.

జీపు ఊరు దాటింది. దారికి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా వెనక కూర్చున్నవాళ్లు తుమ్ముతున్నారు. ఎదురుగా కాలవ కట్ట కనిపించింది. సంజీవరావు రెండో గేరు వేశాడు. "రెండు" అనలేదు. తొమ్మిదేళ్లలో ఆ మాట అనకపోవడం అదే మొదలు. అయినా ఎలీసమ్మ చెయ్యి దానంతటదే వెళ్లి గేరు కర్ర మీద కూర్చుంది.

పైకి అనకుండా పట్టుకోమంటున్నాడన్నమాట. ఆమె వెనక్కి తిరిగి చూసింది. తేజశ్రీ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని కట్ట వంక చూస్తోంది. ఆగస్టులో ఈ కట్ట మీద, వానలో, నొప్పులతో ఈ పిల్ల. అప్పుడు ఈ గేరు ఎవరు పట్టుకుంటారు?

"ఆపండి!" అని అరిచింది ఎలీసమ్మ.

కట్ట మొదట్లోనే జీపు ఆగింది. ఆమె అందరికీ వినపడేటట్టు, ఎవరి మొహం వంకా చూడకుండా చెప్పింది. "బాబూ, ఈ బండికి రెండో గేరు నిలవదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఊడిపోద్ది. నేను పట్టుకుంటేనే తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. మాస్టారు... చెప్పడం మర్చిపోయారు. మీకు తెలియాలని చెబుతున్నాను."

లక్ష్మీకాంత్ మొహం కందగడ్డయింది. "ఏంటి మాస్టారూ, మీరు కూడానా? మీ మాట మీద మా నాయన ఒట్టు పెట్టుకునేవాడు!"

సంజీవరావు స్టీరింగు పట్టుకుని తలవంచుకున్నాడు. వెనకనుంచి రంజాన్ గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, నన్ను చెప్పమంటారా? మీరే చెబుతారా?"

సంజీవరావు నెమ్మదిగా అన్నాడు. "చెయ్యి తియ్యి, ఎలీసా."

"జారిపోద్దండీ! వెనక కడుపుతో ఉన్న పిల్ల..."

"జారదు. నా మాట విను. తియ్యి."

అయినా ఆమె తియ్యలేదు. "ముందు నువ్వు దిగు తల్లీ," అంది తేజశ్రీతో. ఆ అమ్మాయి దిగి పక్కన నిలబడ్డాక గానీ, ప్రార్థన చేసుకుంటూ చెయ్యి ఎత్తి ఒళ్లో పెట్టుకోలేదు. జీపు కదిలింది. రెండో గేరులో కట్ట ఎక్కింది. సగంలో ఆయన కావాలనే యాక్సిలేటరు వదిలాడు, మళ్లీ తొక్కాడు. వదిలాడు, తొక్కాడు. గేరు కర్ర ఉన్నచోటే ఉంది. ఒంటరిగా, ఎవరూ పట్టుకోకుండా. ఎలీసమ్మ దాన్నే కన్నార్పకుండా చూస్తూ కట్టపైకి వచ్చేసింది.

జీపు ఆగింది. "ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

"ఆరేళ్లయిందమ్మా," అన్నాడు వెనకనుంచి రంజాన్. "గేరుబాక్సు నా షెడ్డులోనే దించాం. రెండో గేరు చక్రాలు కొత్తవి వేశాను. పని పూర్తయ్యాక మాస్టారు నన్ను పక్కకి పిలిచి, ‘అమ్మగారికి చెప్పమాక రంజానూ’ అన్నారు. ఖర్చు సంగతి దాస్తున్నారేమో అనుకున్నాను. నాకెందుకులే అని ఊరుకున్నా."

"అబద్ధమే ఆడాను," అన్నాడు సంజీవరావు. "ఈ అబ్బాయితో కాదు. నీతో."

"ఎందుకండీ?"

అరవై ఏడేళ్ల మనిషి, హెడ్మాస్టరు చేసిన మనిషి, బడిలో తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలాగా చొక్కా గుండీ పట్టుకుని తిప్పాడు. "రెండు అన్నప్పుడల్లా నీ చెయ్యొచ్చేది. బాగైందని చెబితే ఇంకెందుకొస్తుంది? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. అట్టా ఆరేళ్లు గడిచిపోయాయి. ఇయ్యాళ నడపడం ఆఖరుసారి గదా, అందుకే నిన్ను ముందు కూర్చోమన్నాను. ఇంకేం లేదు."

ఎలీసమ్మకి ముందు ఏడుపొచ్చింది. దాని వెనకే, కాలవకి నీళ్లు వదిలినట్టు కోపం వచ్చింది.

"అయితే నేను జ్వరంతో ఎక్కింది? మహిమ నిశ్చితార్థం మానుకుంది? మా చెల్లి నాతో ఏడాది మాట్లాడలేదయ్యా! అన్నీ పోనీ. నా సాక్ష్యం సంగతేంటి? దేవుడు గేరు పట్టుకున్నాడని సంఘం మొత్తం ముందు రెండుసార్లు చెప్పానే! మీరు తల వంచుకుని కళ్లు తుడుచుకున్నారే!"

"కళ్లు కాదే, చెమట. సిగ్గుతో చెమటలు పట్టాయి."

"దేవుడే అనుకోండమ్మా," అన్నాడు రంజాన్ నవ్వాపుకుంటూ. "పని నా చేత చేయించాడు, అంతే."

అప్పటికి తేజశ్రీ మెల్లగా కట్టెక్కి వచ్చింది. చివరి మాటలు విని, పొట్ట పట్టుకుని, మిరప ఘాటుకి తుమ్ముతూ నవ్వింది. లక్ష్మీకాంత్ కూడా నవ్వాడు. తర్వాత రంజాన్ తనే స్టీరింగు తీసుకుని, కట్ట రెండుసార్లు ఎక్కి దిగి, రివర్సులో కూడా ఎక్కించి చూశాడు. దిగివచ్చి, "తీసుకో అబ్బాయ్, కళ్లు మూసుకుని," అన్నాడు.

"బండికున్న లోపం దాచి అమ్మేవాళ్లని చూశాను గానీ, లేని లోపం చెప్పేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు లక్ష్మీకాంత్. బేరం కూడా ఆడలేదు.

జీపు వెళ్లిపోయాక ఎలీసమ్మ రెండు రోజులు భర్తతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కంట్లో చుక్కలు వేళకి వేసేది, అంతవరకే. మూడో రోజు ఆదివారం. చర్చికి బయల్దేరుతూ ఒకే ఒక మాట అంది. "ఇయ్యాళ సాక్ష్యం మీది."

ఆయన లేచాడు. నలభై ఏళ్లు పిల్లల ముందు పాఠం చెప్పిన మనిషి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "నాలుగేళ్ల కిందట మా ఇంటామె చెప్పిన సాక్ష్యంలో ఒక సవరణ ఉంది," అని మొదలుపెట్టి, గుమ్మడికాయ పుచ్చు చూపించినట్టే అంతా చూపించాడు. ఎందుకు దాచాడో కూడా దాచకుండా చెప్పాడు. మగవాళ్లు పగలబడి నవ్వారు. ఆడవాళ్లు మాత్రం అంతగా నవ్వలేదు. ఎలీసమ్మ వంకే చూశారు. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన విస్తట్లో కోడికూర ముక్కలు మామూలుకన్నా రెండు ఎక్కువ పడ్డాయి.

జూన్‌లో గుంటూరు కంటి డాక్టరు దగ్గరికి బస్సులో బయల్దేరారు. కిటికీ పక్క ఆయన, ఇవతల ఆమె. బస్సు కిటకిటలాడుతోంది. పాటల బృందం ఆడవాళ్లు ఇద్దరు సరిగ్గా వెనక సీట్లోనే ఉన్నారు. కాలవ వంతెన దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు గేరు తగ్గించాడు. బస్సు మూలుగుతూ ఎత్తు ఎక్కుతోంది. సంజీవరావు కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. ముందు సీటు ఇనప కడ్డీ మీద పెట్టిన ఆయన చెయ్యి కొంచెం కదిలింది.

"రెండు," అన్నాడు మెల్లగా.

ఎలీసమ్మ చుట్టూ చూసింది. చూసేవాళ్లు చూస్తున్నారు. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకుండా చెయ్యి తీసుకెళ్లి ఆయన చేతి మీద వేసి, గట్టిగా పట్టుకుంది.

బస్సు వంతెన దిగింది. మూడో గేరు పడింది, నాలుగోదీ పడింది. సంజీవరావు "వదులు" అనలేదు.